తలుపు ఊగిన ఓడ

మల్కాపురంలో మా వీధి చివర
రిఫైనరీ మంట రాత్రంతా వెలుగుతుంది.
దాన్ని చూస్తూ పెరిగినవాణ్ణి,
వేరే గ్రహం అంటే నాకు పెద్ద వింత కాదు.

షిప్‌యార్డులో ఓడలకి రంగులేస్తాను.
టీవీలో అంతరిక్ష నౌక కనపడగానే
ముందు అతుకులు చూస్తాను.
తుప్పేది?
ఇన్ని కాంతి సంవత్సరాలు తిరిగొచ్చిన ఇనుముకి
ఒక్క పెచ్చైనా ఊడదా?
ఆ పొడుగాటి నడవాలు ఎవరు తుడుస్తారు?
ఏడు సీజన్లు చూశాను,
చీపురు పట్టిన మనిషి ఒక్కరూ లేరు.
కెప్టెన్ మాత్రం వారం వారం
మానవజాతి గురించి మాట్లాడతాడు.

బీచి రోడ్డులో ఒడ్డుకెక్కిన సబ్‌మెరైన్ ఉంది కదా,
ఆ కథలు రాసేవాళ్ళు ఒకసారి లోపలికెళ్ళి రావాలి.
నిద్రలో పక్కకి తిరగాలన్నా
పక్కవాణ్ణి అడగాలి అక్కడ.

"ఏటి మావయ్యా, నువ్వు కథ సూడవు,
గోడలు సూత్తావు" అంటుంది మేనకోడలు పైడి.
నిజమే.
గోడలు అబద్ధమాడితే కథని ఎలా నమ్మను?

కానీ చిన్నప్పుడు నమ్మాను.
ఆదివారం పొద్దున్న, నలుపూ తెలుపూ పెట్టె,
జోగినాయుడి గారి వసారాలో పదిహేనుమందిమి.
థర్మాకోల్ ఓడ. అట్టముక్కల మీటలు.
తలుపు వేస్తే గోడంతా ఊగేది.
ఊగితే ఊగింది,
ఆ గ్రహమ్మీద గాలి ఎక్కువ కాబోలు అనుకున్నాం.
యాంటెన్నా తిప్పడానికి మేడెక్కిన నూకరాజు
"వచ్చిందా? ఇప్పుడొచ్చిందా?" అని అరుస్తుంటే
ఎక్కడినుంచో మాకు సంకేతాలు అందుతున్నట్టే ఉండేది.

ఇప్పుడు తెరమీద ఏదీ ఊగదు.
నేనూ కదలను.

బొమ్మల సినిమాల సంగతి వేరు.
వాటి మీద గౌరవం ఎక్కువ, ఫిర్యాదులూ ఎక్కువే.
జగదాంబ దగ్గర హాల్లో పైడితో ఒకటి చూశాను,
దీపస్తంభాన్ని చందమామ అనుకునే తాబేలుపిల్ల కథ.
ఆ నీటిని గీసిన చేతికి దండం పెట్టాలి.
అల వెనక్కి పోతూ
మడమల కింద ఇసక లాగేసుకోవడం కూడా గీశారు.
నిలబడి చూసినవాడికే అది తెలుస్తుంది.
మరి ఆ రేవులో ఒక్క చేపలగంప లేదేం?
వాసన గీయలేరు, సరే.
ముక్కు మూసుకున్న మనిషినైనా గీయొచ్చు కదా.

ఇంకోటి. జంతువులన్నీ ఎందుకలా గడగడా వాగుతాయి?
మా వీధి మేక మూడేళ్ళుగా నన్ను చూస్తోంది,
ఏమీ అనదు.
నేనెక్కడికెళ్తున్నానో దానికి తెలుసని నా అనుమానం.

తల్లి తాబేలు పోయాక అరనిమిషం ఆగరు, జోకేస్తారు.
పిల్లలు తట్టుకోలేరట.
పైడి తట్టుకుంది.
నేనే పాప్‌కార్న్ వంకతో బయటికి నడిచాను.

హుద్‌హుద్ వచ్చినప్పుడు దానికి ఆరేళ్ళు.
పచ్చటి కొండలు ఒక్క పూటలో మాడినట్టైపోయాయి.
ఆకు మిగలని కైలాసగిరిని చూసి
"మావయ్యా, ఇది ఏ గ్రహం?" అంది.
కరెంటు లేదు. నీళ్ళ ట్యాంకరు రాలేదు.
కొవ్వొత్తి వెలిగించి
ఆగిపోయిన సీరియల్‌ని నోటితో నడిపాను.
చేతిలో పనేగా, ఊడ్చే మనిషిని పెట్టాను ఓడలో.
సన్యాసమ్మ అని మా అమ్మ పేరే పెట్టాను,
మున్సిపాలిటీలో అమ్మ చేసిన పనే ఇచ్చాను.
నాలుగో రాత్రి తడి నడవలో కెప్టెన్ జారిపడ్డాడు.
సన్యాసమ్మ చీపురు గోడకి ఆనించి
ఓడని ఒడ్డుకి తెచ్చింది.

కరెంటొచ్చాక అసలు భాగాలు వేశారు.
పైడి రెండు నిమిషాలు చూసి
"సన్యాసమ్మేది?" అని లేచిపోయింది.

ఇప్పుడది బొమ్మలు కదిలించడం నేర్చుకుంటోంది.
మొన్న ఒక నౌక గీసి చూపించింది.
తుప్పు పట్టించింది నాకోసం.
"ఉప్పుగాలికి ముందు ఎరుపు రాదు,
రంగు కింద బుడగ లేస్తుంది" అన్నాను.
గొణుక్కుంటూ గంటసేపు చెరిపి గీసింది.
నేను కళ్ళజోడు పైకి నెట్టి మళ్ళీ చూశాను.
తలుపు బందు సరిగ్గా కూర్చోలేదు.
"ఇదేటి, వదులుగా ఉందే?"

"ఊగాలి కదా మావయ్యా" అంది,
తల ఎత్తకుండా.